ముంపు మ్యాప్ మీరే గీయడం ఎలా: రాడార్ చిత్రం నుంచి ఆటో ట్రాలీ దాకా

వరద వచ్చిన రోజు పొద్దున్నే వాట్సాప్ గ్రూపులన్నీ వీడియోలతో నిండిపోతాయి. ఎవరో మేడ మీద నుంచి తీసింది ఒకటి, మూడేళ్ళ కిందటిది ఎవరో మళ్ళీ తిప్పింది ఇంకొకటి. పులిహోర పొట్లాలు కట్టి, నీళ్ళ క్యాన్లు ఆటో ట్రాలీలో ఎక్కించుకుని నిలబడ్డ కుర్రాళ్ళకు మాత్రం కావాల్సింది ఒక్కటే: ఎటు పోవాలి? ఆ జవాబులో కొంత భాగం ఆకాశం నుంచి, ఉపగ్రహాలు తీసే రాడార్ చిత్రాల్లో, ఉచితంగా దొరుకుతుంది. కొంత భాగమే. అది ఎంతో తెలుసుకోవడమే ఈ పనిలో కష్టం. సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం రెండు ఆదివారాల పని.

ఇక్కడ రాసేది ప్రభుత్వ శాస్త్రవేత్తల పద్ధతి కాదు. హైదరాబాద్‌లో పగలు వేరే ఉద్యోగం చేసుకుంటూ, వరద రోజుల్లో సహాయక బృందాలకు మ్యాపులు గీసిచ్చే మామూలు మనిషి పద్ధతి. కావాల్సినవి 16 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్ (8 ఉన్నా నడుస్తుంది, మీకు ఓపిక ఉంటే), మ్యాపులు గీసే క్యూజీఐఎస్, రాడార్ చిత్రాల్ని శుద్ధిచేసే, యూరప్ అంతరిక్ష సంస్థవారి స్నాప్ అనే సాఫ్ట్‌వేర్, ఉపగ్రహ చిత్రాలు ఇచ్చే కోపర్నికస్ సైట్‌లో ఒక ఖాతా. లాప్‌టాప్ తప్ప మిగతా మూడూ ఉచితమే.

మొదటి పని: ఎవరికోసమో అడగండి

లాప్‌టాప్ తెరవకముందే ఫోన్ చేయండి. బృందాన్ని నడిపించే మనిషిని అడగండి: "ఈ మ్యాప్ చూసి మీరు ఏం నిర్ణయించుకుంటారు?" వచ్చే జవాబును బట్టి చేతనైనదేదో, కానిదేదో అప్పుడే చెప్పేయండి.

ఏ ఊళ్ళ చుట్టూ నీళ్ళున్నాయి అంటే చెప్పగలం. నిన్నటికంటే తగ్గాయా అంటే, రెండు చిత్రాలుంటే చెప్పగలం. నీళ్ళు ఎంత లోతు అంటే చెప్పలేం. ఎంతమంది చిక్కుకున్నారంటే అసలే చెప్పలేం. ఫలానా గల్లీలోకి ట్రాలీ పోతుందా అంటే కూడా చెప్పలేం. ఉచితంగా దొరికే రాడార్ చిత్రంలో ఒక్కో గడి 10 మీటర్ల వెడల్పు. పాతబస్తీలో చాలా గల్లీలు మూడు మీటర్లు దాటవు. ఈ మాటలు ముందే చెబితే మీ విలువేమీ తగ్గదు. తర్వాత చెబితే మాత్రం ఎవరో ఒకరు నడుముల్లోతు నీళ్ళలో నిలబడి మిమ్మల్ని తిట్టుకుంటారు.

రెండో పని: రోహిణి కార్తెలోనే పూర్తిచేయాల్సింది

ఎండలు మండుతున్నప్పుడు వరద గురించి ఆలోచించడం ఎవరికీ బుద్ధి పుట్టదు. కానీ ఈ పనిలో సగం అప్పుడే అయిపోవాలి.

ఎవరైనా గీయగలిగే ఉచిత పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి రోడ్లు, ఇళ్ళు, బళ్ళు, ఆసుపత్రులు దించుకుని క్యూజీఐఎస్‌లో పెట్టుకోండి. 1984 నుంచి 2021 వరకు భూమ్మీద ఎక్కడెక్కడ ఎన్ని నెలలు నీరు నిలిచిందో చూపే ప్రపంచ జల పటం ఒకటి యూరప్ కమిషన్ పరిశోధనా కేంద్రం ఉచితంగా ఇస్తుంది, దాన్నీ దించుకోండి. రేపు మ్యాప్‌లో నీళ్ళని నీలం రంగు పడిన దానిలోంచి ఉస్మాన్ సాగర్‌ను, హిమాయత్ సాగర్‌ను తీసేయకపోతే రోజూ ఉండే నీళ్ళనే వరద అని పంచిపెడతారు. ప్రొజెక్షన్ (గుండ్రని భూమిని చదునైన పటంగా పరిచే లెక్క) యూటీఎం 44 ఉత్తరం పెట్టండి. హైదరాబాద్, ఖమ్మం, విజయవాడ అన్నీ అందులోనే వస్తాయి. జహీరాబాద్ వైపు పోతే 43లో పడతాం, అక్కడ జాగ్రత్త.

ఇక నగరానికి అన్నిటికంటే ముఖ్యమైనది పాత చెరువుల పొర, అంటే మ్యాప్ మీద విడిగా పరిచే చెరువుల పటం. మనది గొలుసుకట్టు చెరువుల నేల. ఒక చెరువు నిండి మత్తడి (అలుగు) దూకితే ఆ నీళ్ళు కింది చెరువుకు పోతాయి. మధ్యలో నాలా మీద ఇల్లు లేచినా, చెరువు నీళ్ళు నిలిచే శిఖం భూమిలో కాలనీ లేచినా నీళ్ళకు దారి గుర్తే ఉంటుంది. 2020 అక్టోబర్‌లో ఘట్‌కేసర్ దగ్గర సింగపూర్ టౌన్‌షిప్‌లో ఒక్కరోజులో 32 సెంటీమీటర్ల వాన పడింది. ఆ నెలలోనే బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబా నగర్ మునిగింది. ఇలాంటి చోట్ల వరద తర్వాత తీసిన చిత్రం కంటే వరదకు ఇరవై ఏళ్ళ ముందు తీసిన చిత్రం ఎక్కువ పనికొస్తుంది. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలు వెనక్కి తిప్పి చూడొచ్చు. మీ పేటలో ఉన్న చెరువులు, కుంటలు, వాటిని కలిపే నాలాలు ఒక్కొక్కటిగా గీయండి. కట్ట ఎక్కడుందో, మత్తడి ఎటు దూకుతుందో గుర్తుపెట్టండి. కట్టకు దిగువనున్న కాలనీల పేర్లు రాసుకోండి. నన్నడిగితే, రాడార్ సంగతి ఏమీ తెలియకపోయినా ఈ ఒక్క పొర ఉన్న బృందం మిగతావారికంటే ముందుంటుంది.

చివరిగా, 'ముందు' చిత్రాలు, అంటే వరదకు ముందు తీసిన రాడార్ చిత్రాలు. ఎండాకాలంది ఒకటి తీసుకోండి. అది చాలదు, జూన్ నుంచి అక్టోబర్ దాకా నెలకొకటి చొప్పున దించి పెట్టుకోండి. ఎందుకో కాసేపట్లో చెబుతాను, అది నాకు తగిలిన దెబ్బ.

మూడో పని: ఏ ఉపగ్రహం, ఎప్పుడు వస్తుంది

కెమెరా ఉపగ్రహాలను వరద రోజున మరిచిపోండి. సెంటినెల్-2 చక్కటి రంగుల చిత్రమే ఇస్తుంది, కానీ పొద్దున పదిన్నర ప్రాంతంలో పైనుంచి పోతూ అది చూసేది మబ్బుల వీపును. మనకు కావాల్సింది రాడార్ ఉన్న సెంటినెల్-1. అది తానే తరంగాన్ని పంపి, తిరిగొచ్చిన దాన్ని కొలుస్తుంది. మబ్బున్నా, చీకటైనా దానికి ఒకటే. తెల్లవారుజామునో, సందెవేళో, ఆరు గంటల ప్రాంతంలో మన మీదుగా పోతుంది.

చిక్కేమిటంటే, ఒక్కో సెంటినెల్-1 అదే దారిలో మళ్ళీ రావడానికి 12 రోజులు పడుతుంది. ఇవి జంటగా తిరగాలి; ఆ జంటలో రెండోది 2021 డిసెంబర్‌లో పాడైంది, దాని బదులు ఇంకొకటి 2024 డిసెంబర్‌లో గానీ పైకి పోలేదు. అంటే 2024 సెప్టెంబర్ మొదట్లో మున్నేరు ఖమ్మంలోకి, బుడమేరు విజయవాడలోకి వచ్చినప్పుడు ఆ జంటలో పనిచేస్తున్నది ఒక్కటే. కాబట్టి ముందు కోపర్నికస్ బ్రౌజర్‌లో మీ ప్రాంతం మీద చివరి చిత్రం ఏ తేదీది, తర్వాతది ఎప్పుడో చూడండి. విజయవాడలోలా రోజుల తరబడి నిలిచే నీళ్ళైతే దొరుకుతాయి. నగరంలో రాత్రి వచ్చి మధ్యాహ్నానికి తీసేసే నీళ్ళైతే ఉపగ్రహం వచ్చేసరికి బురదే మిగులుతుంది. అలాంటప్పుడు రాడార్ పక్కనపెట్టి, రెండో పనిలో గీసిన చెరువుల పొర తీయండి.

ఇంకో మాట. మన బాలానగర్‌లోనే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉంది, దాని గ్రౌండ్ స్టేషన్ షాద్‌నగర్‌లో ఉంది. 2022 ఫిబ్రవరి 14న ఇస్రో పంపిన ఈఓఎస్-04 మన సొంత రాడార్ ఉపగ్రహం. పెద్ద వరదలప్పుడు ఆ కేంద్రం ముంపు పటాలు తయారుచేస్తుంది, దాని పటాల సైట్ భువన్ పోర్టల్‌లో చూడొచ్చు. అంతర్జాతీయ విపత్తు ఒప్పందం ఒకటి 2000 నుంచి నడుస్తోంది, ఇస్రో 2001లో చేరింది. దాని కింద వేరే దేశాల ఉపగ్రహాలనూ మన వైపు తిప్పించవచ్చు. అయితే ఆ గంట కొట్టే అధికారం ప్రభుత్వ సంస్థలదే, మీదీ నాదీ కాదు. మీరు గీయబోయేది వాళ్ళు అప్పటికే గీసి ఉంటే మళ్ళీ గీయొద్దు. దాన్నే తీసుకుని, మీ కాలనీ పేర్లు చేర్చి బృందానికి అర్థమయ్యేలా చేయడమే మీ పని. 2025 జూలై 30న నింగికెళ్ళిన నైసార్ అనే రాడార్ ఉపగ్రహం తరంగం పొడవైనది కాబట్టి చెట్ల కింది నీళ్ళు పట్టుకోవడంలో సెంటినెల్ కంటే మెరుగు. దాని చిత్రాల మీదా కన్నేసి ఉంచండి.

నాలుగో పని: చిత్రాన్ని ఉడికించడం

ఇది వంటలాంటిది, వరస తప్పితే చెడుతుంది. జీఆర్‌డీ రకం (నేల మీది దూరాల ప్రకారం సర్దిన) సెంటినెల్-1 చిత్రాలు రెండు దించండి: వరదకు ముందుది ఒకటి, తర్వాతది ఒకటి. రెండింటి రిలేటివ్ ఆర్బిట్ నంబరు (ఉపగ్రహం పోయిన దారి నంబరు) ఒకటే ఉండాలి. లేకపోతే రాడార్ ఒకసారి తూర్పు నుంచి, ఒకసారి పడమర నుంచి చూసినట్టవుతుంది, నీళ్ళు మారకపోయినా గుట్టల నీడలు మారతాయి. ఒక్కో ఫైలు ఇంచుమించు ఒక జీబీ. ఇంట్లో కరెంటు ఉన్నప్పుడే దించుకోండి.

స్నాప్‌లో వరస ఇది:

1. అప్లై ఆర్బిట్ ఫైల్. చిత్రం తీసినప్పుడు ఉపగ్రహం ఎక్కడుందో చెప్పే ఫైలు ఇది. కొత్తవాళ్ళు ఇక్కడే ఆగిపోతారు. కచ్చితమైన ఆర్బిట్ ఫైలు వచ్చేది దాదాపు 20 రోజులకు. వరద మీకోసం అన్నాళ్ళు ఆగదు. 'రెస్టిట్యూటెడ్' (త్వరగా వచ్చే ఫైలు) ఎంచుకోండి, లేదంటే ఫైలు దొరక్కపోయినా ముందుకు పొమ్మనే టిక్కు పెట్టండి.
2. సబ్‌సెట్. చిత్రం వెడల్పు 250 కిలోమీటర్లు. మీకు కావాల్సింది ఒక మండలమైతే మిగతాది కోసేయండి. కోసేటప్పుడు తెలిసిన చెరువు ఒకటి లోపలే ఉండేలా చూసుకోండి.
3. థర్మల్ నాయిస్ (యంత్రం సొంత రొద) తొలగింపు, తర్వాత కాలిబ్రేషన్ (గడుల అంకెల్ని సరైన కొలతలుగా మార్చడం).
4. స్పెకిల్ ఫిల్టర్. రాడార్ చిత్రానికి పుట్టుకతోనే ఉప్పూకారం చల్లినట్టుండే మచ్చలు దీంతో తగ్గుతాయి. ఎక్కువ రుద్దితే సన్నని కాలువలు కూడా పోతాయి.
5. టెరైన్ కరెక్షన్ (ఎత్తుపల్లాల వల్ల పక్కకు జరిగిన గడులను సరైన చోట పెట్టడం), ఆపైన విలువల్ని డెసిబెల్స్ అనే కొలతలోకి మార్చడం.

ఇప్పుడు నిశ్చలమైన నీళ్ళు నల్లగా కనిపిస్తాయి. అద్దం మీద పడ్డ టార్చి వెలుగు అటువైపే పోయినట్టు, నీటి మీద పడ్డ తరంగం ఉపగ్రహం వైపు తిరిగి రాదు. ఎంత నలుపు నీళ్ళో తేల్చడానికి ఎవరో చెప్పిన అంకె వాడకండి. ఖమ్మం చిత్రమైతే పాలేరు రిజర్వాయర్ మీద మౌస్ పెట్టి చూడండి. అక్కడి విలువలే ఆ రోజుకు మీ తూకం రాయి. హిస్టోగ్రామ్‌లో (ఏ విలువ ఉన్న గడులు ఎన్నో చూపే గ్రాఫ్‌లో) రెండు గుబ్బలు కనిపిస్తే మధ్యలోని పల్లం దగ్గర గీత గీయండి; దానికంటే నల్లనివి నీళ్ళు, వాటికి నీలం రంగు వేయండి. ఒకే గుబ్బ కనిపిస్తే కోసిన ముక్కలో నీళ్ళ వాటా తక్కువని అర్థం, మళ్ళీ కోయండి. గాలి బాగా వీస్తున్న రోజైతే నీటి మీద అలలు లేచి వీవీ చిత్రంలో (ఒకే దృశ్యాన్ని రాడార్ రెండు విధాలుగా కొలిచి ఇచ్చే వీవీ, వీహెచ్ చిత్రాల్లో ఒకటి) నలుపు చెదురుతుంది, అప్పుడు వీహెచ్ నయం.

లాప్‌టాప్ మొరాయిస్తే గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో ఇదంతా వాళ్ళ కంప్యూటర్ల మీదే చేయొచ్చు. ఐక్యరాజ్యసమితి వారి యూఎన్ స్పైడర్ ఇచ్చిన స్క్రిప్టు ఒకటి సిద్ధంగా ఉంది. అది తర్వాతి చిత్రాన్ని ముందు చిత్రంతో భాగించి, 1.25 దాటిన చోటును ముంపు అంటుంది; ఏడాదిలో పది నెలలకు పైగా నీళ్ళుండే చోట్లను, 5 శాతం మించిన వాలును, ఎనిమిది గడులకంటే చిన్న ముక్కలను తీసేస్తుంది. డెసిబెల్స్‌ను భాగించడమేమిటని గణితం తెలిసినవాళ్ళు మొహం చిట్లిస్తారు. చిట్లించనివ్వండి, పని జరుగుతుంది. ఆ 1.25 మాత్రం దైవవాక్కు కాదు, మీ ప్రాంతానికి అటూ ఇటూ జరిపి చూడండి.

ఐదో పని: నలుపంతా నీళ్ళు కాదు, నీళ్ళన్నీ నలుపు కావు

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి.

మొదట నా తప్పు. ఒక ఆగస్టులో ఎండాకాలం చిత్రాన్ని 'ముందు'గా పెట్టి తీసివేత చేశాను. తెరమీద ఒక ఆయకట్టు అంతా నీలం! ఊళ్ళకు ఊళ్ళే మునిగాయనుకుని గ్రూపులో పెట్టేశాను. ఒక కుర్రాడు బైక్ మీద నలభై కిలోమీటర్లు పోయి ఫొటో పంపాడు: నాట్లు పడిన వరి మడులు, గట్టు మీద సద్ది తింటున్న కూలీలు. "అన్నా, వీళ్ళు నన్నే కూసొని తినమంటున్నరు" అని కింద రాశాడు. మే నెలలో ఎండిన నేల, ఆగస్టులో మడినిండా నీళ్ళు. రాడార్ అబద్ధం చెప్పలేదు, అడిగిన నేనే తప్పుగా అడిగాను. అందుకే 'ముందు' చిత్రం వరదకు రెండు మూడు వారాల ముందుదై ఉండాలి. నెలకొకటి దించుకోమన్నది ఇందుకే.

నీళ్ళు కాకుండా నల్లగా కనిపించేవి ఇంకా ఉన్నాయి. శంషాబాద్ రన్‌వే, ఔటర్ రింగ్ రోడ్డు, గుట్టల వెనక పడే రాడార్ నీడ, నది మధ్యలో పొడి ఇసుక మేటలు. వీటిని క్యూజీఐఎస్‌లో కంటితో చూసి చేత్తో తీసేయండి. ఏ ఆటోమేటిక్ పద్ధతీ మీ కంటికి సాటి రాదు.

దీనికి తిరగేసిన బాధ మన నగరానిది. గుర్రపు డెక్క అల్లుకున్న చెరువు రాడార్‌కు గడ్డి మైదానంలా కనిపిస్తుంది. అంతకంటే పెద్ద మోసం ఇళ్ళ మధ్య నీళ్ళు. గల్లీలో నిలిచిన నీటి మీద పడిన తరంగం ఎగిరి గోడకు తగిలి, నేరుగా ఉపగ్రహానికే తిరిగొస్తుంది. అంటే మునిగిన కాలనీ నల్లబడదు, ఇంకా తెల్లబడుతుంది. నలుపును మాత్రమే వెతికే పద్ధతి ఆ కాలనీని 'పొడి నేల' అంటుంది. కాబట్టి ఇళ్ళు కిక్కిరిసిన చోట ముందు చిత్రం కంటే బాగా తెల్లబడిన గడులను విడిగా, నారింజ రంగులో వేయండి. దాన్ని ముంపు అని రాయకండి, 'ఫోన్ చేసి కనుక్కోవాలి' అని రాయండి. గోడలు రాడార్ వైపు తిరిగి లేని వీధుల్లో ఈ తెలుపు కూడా సరిగా రాదు. అందుకని మ్యాప్ మీద బస్తీలన్నిటికీ 'ఇక్కడ చిత్రం నమ్మదగినది కాదు' అని బూడిద రంగు గీతలు కొట్టేయడం నా అలవాటు. చూడటానికి బాగోదు. కానీ రంగు లేకపోతే నీళ్ళు లేవనుకుంటారు జనం.

లోతు లెక్క వేద్దామని ఎత్తుల పటం పట్టుకునే ఉత్సాహవంతులు ప్రతిసారీ ఒకరుంటారు. ఉచితంగా దొరికే 30 మీటర్ల గడుల ఎత్తుల పటాల్లో తేడాలు మీటర్లలో ఉంటాయి, పైగా నగరంలో అవి చాలాచోట్ల నేలను కాక ఇళ్ళ కప్పులను, చెట్ల తలలను కొలిచినవి. మోకాలి లోతో, మెడ లోతో వాటితో తేలదు. వద్దు.

ఆరో పని: గల్లీని అడగడం

మ్యాప్ బయటికి పంపకముందు కనీసం ఐదారు చోట్ల మనుషుల్ని అడగండి. నీలం పడిన చోట ముగ్గురిని, నీలం పడని చోట ముగ్గురిని. రెండో ముగ్గురే ముఖ్యం. "నీళ్ళున్నాయా?" అని అడిగితే అందరూ ఉన్నాయనే అంటారు. "ఇంటి ముందు బండి నిలబెట్టారా? సీటు మునిగిందా?" అని అడగండి. "మ్యాపుల ఏం లేదంటున్నరు గానీ మా గల్లీల బండి సీటు దాకా వచ్చినయ్ నీళ్ళు" అని ఒక్క పెద్దమ్మ చెప్పిన మాట మీ మొత్తం చిత్రం కంటే బరువైనది. ఆమె చెప్పిన చోటును చుక్కగా పెట్టి, సమయం రాయండి. ఇల్లు నంబరు, పేరు, ఫోన్ నంబరు మాత్రం గ్రూపులో తిరిగే మ్యాప్ మీదకు ఎక్కించకండి. అవి బృందం నడిపే మనిషి దగ్గరే ఉండాలి. ప్రాణాపాయం అనిపిస్తే మ్యాప్ సంగతి వదిలి ముందు 112కు ఫోన్ చేయించండి.

ఏడో పని: చేతికందే మ్యాప్

మ్యాప్ పైన, అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉండాల్సింది శీర్షిక కాదు, ఉపగ్రహం చూసిన తేదీ, గంట. మీరు గీసిన సమయం కాదు. "సెప్టెంబర్ 2, పొద్దున 6 గంటలకు ఉన్న నీళ్ళు" అని తెలుగులో రాయండి, పాతబస్తీకైతే ఉర్దూలో కూడా.

కాలనీ పేర్లు రికార్డుల్లో ఉన్నట్టు కాదు, ఆటోవాళ్ళు పిలిచినట్టు వేయండి. ఫంక్షన్ హాలు, మసీదు, పోచమ్మ గుడి, నీళ్ళ ట్యాంకు, కిరాణా చౌరస్తా. ట్రాలీ నడిపేవాడికి దారి వీటితోనే తెలుస్తుంది. ఏ4 కాగితం మీద నలుపు తెలుపు జిరాక్స్ తీసినా అర్థమయ్యేలా రంగుతోపాటు అడ్డగీతలు కూడా వాడండి. కలర్ ప్రింటర్ ఉన్న షాపు ఆ రోజు తెరవదు, ఇది నియమంగా పెట్టుకోండి. బాణాలు వేసి 'ఇటు పోండి' అని మాత్రం చెప్పొద్దు. ఎక్కడ నీళ్ళు కనిపించాయో చెప్పడం వరకే మీ వంతు.

వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అక్షరాలు అలికినట్టవుతాయి, డాక్యుమెంట్‌గా పంపండి. ముంపు హద్దులను మ్యాప్ యాప్‌లు తెరవగలిగే కేఎంఎల్ ఫైలుగా కూడా ఇవ్వండి. ఆర్గానిక్ మ్యాప్స్‌లాంటి యాప్‌లో ముందే నగరాన్ని దించుకుని ఉంటే సిగ్నల్ పోయినా అది తెరుచుకుంటుంది. వరదలో కరెంటు తర్వాత పోయేది సిగ్నలే.

రాడార్ పని రానివాళ్ళు, ముఖ్యంగా కాలేజీ పిల్లలు, చేయగలిగింది ఇంకొకటుంది. 2010 జనవరి 12న హైతీలో భూకంపం వచ్చినప్పుడు ఎక్కడెక్కడివాళ్ళో ఇళ్ళలో కూర్చుని, ఉపగ్రహ చిత్రాలు చూస్తూ పోర్టోప్రిన్స్ వీధుల్ని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గీశారు. అందులోంచి పుట్టిన మానవతా మ్యాపింగ్ బృందం టాస్కింగ్ మేనేజర్ అనే సైట్ నడుపుతోంది. ఒక్కో చదరం తీసుకుని ఇళ్ళు, దారులు గీయడమే పని. మన బస్తీల్లో చాలా గల్లీలు ఇప్పటికీ ఆ పటంలో లేవు. మూసీ ఒడ్డు నుంచి మొదలుపెట్టండి. 2025 సెప్టెంబర్‌లో ఎంజీబీఎస్ బస్టాండులోకే నీళ్ళొచ్చాయంటే ఆ ఒడ్డున ఏ ఇల్లు ఎక్కడుందో తెలిసి ఉండటం ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు.

కొత్త చిత్రం వచ్చిన వెంటనే పాత మ్యాప్‌ను చంపేయండి. గ్రూపులో డిలీట్ చేస్తే చాలదు, అప్పటికే అది ఇంకో పది గ్రూపులకు పోయి ఉంటుంది. పాతదాని మీదే అడ్డంగా ఎర్రగా 'రద్దు' అని కొట్టి, కొత్తదానితో కలిపి మళ్ళీ పంపండి. ప్రింట్లు ఇచ్చి ఉంటే ఫోన్ చేసి చింపేయమనండి.